మొక్కు కోడి కింద ఒక్కరోజు పిల్లలు

కోడిపిల్లలు వచ్చేశాయన్న కబురు నాకు మొదట చెప్పింది శ్రీశైలం బస్సు కండక్టరమ్మ. మన్ననూరులో బస్సు ఆగీ ఆగకముందే మెట్టు మీద నిలబడి, రోడ్డు పక్కనున్న నా గది వైపు చూసి కేక పెట్టింది.

"ఓ కోళ్ల మేడమ్! నీ పిల్లలు వచ్చినయ్. నాగర్‌కర్నూల్ నుంచి ఒకటే లొల్లి. టికెట్ లేదు గని అందరికంటె ఎక్కువ అవే మాట్లాడినయ్. జర జల్ది తీస్కపో తల్లీ!"

ఆ పిల్లలు ఆ వారం రావలసినవి కావు. నేను పొద్దుటి పూజ ముగించుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను. ముందు రోజు నుంచీ గాలివాన. ఎక్కడో వైర్ల మీద చెట్టు పడి కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. పుట్టి ఒక్కరోజైన పిల్లలకు మేత లేకపోయినా కాస్త ఆగగలవు, వెచ్చదనం లేకపోతే ఆగలేవు. అందుకే ఆ కేక విని నాకు సంతోషం కలగలేదు. నూనె గిన్నె పట్టుకుని కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. లేవాలని మనసు లేదు, ఒంట్లో ఓపికా లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు ఇది చదివితే, ముందుగా ఈ సంగతే తెలుసుకోవాలి. మీరు తలుపు తీసే ప్రతి పొద్దూ ఉత్సాహంగా ఉండదు. అయినా లేవాలి. లేస్తే ఆ పైన దేవుడు చూసుకుంటాడు.

నా గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మాది గట్టు అనే ఊరి దగ్గర మెట్ట పల్లె. బడి దూరమని నన్ను పంపలేదు. మా నాన్న పొలం నుంచి వచ్చాక పలక చేతికిచ్చి, కంది కట్టెల పొయ్యి వెలుగులో నాకు అక్షరాలు దిద్దించాడు. తరువాత ఇంట్లోనే చదివి పరీక్ష కట్టాను. పశువుల దవాఖానలో చిన్న ఉద్యోగం వచ్చింది. కోళ్ల సంగతి మాత్రం నాన్న నేర్పలేదు, మా అవ్వ నేర్పింది. ఆమె రాయచూరు వైపు పుట్టింది, కోడిపిల్లలను "మరి" అనేది. ఒక కోడి పిల్లలను ఇంకో కోడికి ఎలా అలవాటు చేయాలో ఆమె ఒడి దగ్గర కూర్చుని చూశాను. నాన్నకూ, అవ్వకూ, నాకు ఇంత అన్నం పెట్టిన ఉద్యోగానికీ రోజూ దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటాను.

చివరి కొన్నేళ్లు నన్ను మన్ననూరుకు వేశారు. అడవి లోపలి గూడేల్లో పెరటి కోళ్లు పెంచుకునే వాళ్లకు పిల్లలు ఇవ్వడం, రోగం రాకుండా చుక్కలు వేయడం నా పని. మామూలుగా నాగర్‌కర్నూల్ షెడ్డులో ఈకలు వచ్చేదాకా పెంచి ఇచ్చేవాళ్లు. ఆ ఏడు షెడ్డులో రోగం తగిలి ఖాళీ చేశారు. ఒక్కరోజు పిల్లలనే పంపుతామన్నారు. నా గదిలో బల్బు కింద పెట్టి నేనే పెంచి ఇస్తానని ఒప్పుకున్నాను. అదీ ఒక్క ఇంటి కోసం.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. మన్ననూరు దాటి అడవిలోకి కొంత నడిస్తే వచ్చే గూడెంలో ఒక అత్త, కొడుకు, కోడలు. కొడుకు తేనె తీసేవాడు. కొండ అంచు నుంచి తాడు దిగి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిదే కావాలి, అక్కడి పద్ధతి అది. అక్కకు ఆపద రానివ్వడని. ఆ బావమరిది గట్టిగానే పట్టాడు, కొండ అంచు రాయే విరిగి కొడుకు కింద పడ్డాడు. కొడుకు నాగర్‌కర్నూల్ దవాఖానలో చాలా రోజులు కళ్లు తెరవలేదు. తరువాత ఇంటికి వచ్చాడు గానీ కర్ర లేకుండా నడవలేడు. ఇక తాడు దిగే ముచ్చట లేదు. కోడలే నా దగ్గరికి వచ్చి, "మేడమ్, కోళ్లన్న పెంచుకుంట. మాకు ఇంకేం తెరువు లేదు" అంది. అంత లోపలికి ఇస్తే బతకవని ఆఫీసులో ఒప్పుకోలేదు. నేను అడిగి అడిగి విసిగిస్తే, "సరే, ఒక్కింటికి ఇద్దాం. అవి పోతే మళ్లీ ఆ గూడెం పేరు ఎత్తొద్దమ్మా" అన్నారు మా డాక్టరు సారు. మంచివాడే. ఆయన మీదా పైవాళ్లున్నారు.

కాబట్టి ఆ పొద్దు నా చేతికి వచ్చిన డబ్బా, ఆ కోడలి ఇంటికి మిగిలిన ఒక్క దారి. మూత తీసి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గొంతు చించుకుని అరుస్తున్నాయి. అరుస్తున్నంతసేపు భయం లేదు. అరవడం ఆపితేనే భయం.

డాక్టరు సారుకు ఫోన్ చేశాను.

"వేడినీళ్ల సీసాలు పెట్టండమ్మా. కానీ ఎంతసేపు పెడతారు? పొదుగు కోడి ఏదైనా ఉంటే చూడండి. కరెంటు వచ్చేదాకా అదే దిక్కు" అన్నారు.

హోటల్‌లో వేడినీళ్లు అడిగి సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి పిల్లల పక్కన పెట్టాను. మా దవాఖాన కాంపౌండరన్నను పిలిచాను. ఆయన నాకంటే కొంచెం పెద్ద, ఆ ఏడే రిటైరవుతున్నాడు. ఏ పని చెప్పినా ముందు ఒక మాట విసిరి తరువాత చేసే మనిషి.

"చెల్లె, నేను ఇంజక్షన్ ఇచ్చేటోణ్ని. గిప్పుడు కోడికి మంత్రసాని పని గూడ నాదేనా?" అన్నాడు. అంటూనే డబ్బా నెత్తిన పెట్టుకున్నాడు.

ముందు మన్ననూరులోనే ఇల్లిల్లూ అడిగాం. పొదుగు కోడి లేదు. ఆటో పట్టుకుని అడవి గేటు దాకా పోయి, అక్కడి నుంచి నడిచాం. పులుల అడవి కనుక చీకటి పడితే అటూ ఇటూ కదలనివ్వరు. గేటు దగ్గరి గార్డు డబ్బాలోకి తొంగి చూసి, "తొందరగా రాండ్రి మేడమ్, చీకటైతె నా మీదికి వస్తది" అన్నాడు. దారంతా బురద. సీసాలు చల్లబడుతున్నాయని నా శాలువా తీసి డబ్బాకు కప్పాను. మోకాళ్లు ఒక్కో అడుగుకూ గుర్తుచేస్తున్నాయి. నోట్లో దేవుడి పేరు అనుకుంటూ నడిచాను. భక్తి కొంత, నొప్పి కొంత.

గూడెంలో అడుగు పెట్టగానే ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఎవరింట్లోనైనా కోడి పొదుగు మీద కూర్చుందా అని అడిగాను.

"నాది కూసున్నది మేడమ్, మొన్ననే వాగుల ముంచి లేపిన."

"నాదాన్ని గూడ ముంచిన. రెండుసార్లు ముంచితె గని ఇడువలే."

"నేను ముక్కుల ఈక గుచ్చిన. మల్ల గుడ్డు పెడ్తున్నది, సూడుండ్రి."

అంతా ఒకరిని చూసి ఒకరు చేసిన పని. రోడ్డు మీద శ్రీశైలం పోయే కార్లు ఆగుతాయి కదా, అక్కడ నాటుగుడ్లకు గిరాకీ. గుడ్లు కొనే సేటు ఆ మధ్య గూడెం దాకా రావడం మొదలుపెట్టాడు. కోడి పొదుగుకు కూర్చుంటే గుడ్డు పెట్టదు. నీళ్లలో ముంచితే ఒంటి వేడి దిగి, పొదుగు మానేసి మళ్లీ గుడ్డుకు వస్తుంది. ఎవరికి వాళ్లు తెలివైన పనే చేశారు. అందరూ కలిసి చేసేసరికి గూడెంలో ఒక్క తల్లికోడి లేకుండా పోయింది.

"శాబాష్!" అన్నాడు కాంపౌండరన్న డబ్బా దించుతూ. "ఊరూరంత కోళ్లకు తానాలు చేయించిన్రు. ఇంత శుభ్రం మా దవాఖానల గూడ లేదు."

ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. డబ్బాలో అరుపు కొంచెం తగ్గింది.

వాళ్లలో ఒకామె వెనక నుంచి అంది. "మీరు ఎవలకు ఇయ్యనొచ్చిన్రో ఆళ్లింట్లనే ఉన్నది గద మేడమ్, పొదుగు కోడి."

"మరి చెప్పరేందమ్మా?"

"అది మొక్కు కోడి."

అప్పుడు అర్థమైంది. మైసమ్మకు మొక్కిన కోడిని దాని రోజు వచ్చేదాకా తడపరు. ఆ రోజే పసుపునీళ్లు పోస్తారు. అందుకే ఊరంతా ముంచినా దాన్ని ఎవరూ ముంచలేదు. గుడ్లు తీసేసినా లేవకుండా ఒక రాయిని పొదుగుతూ కూర్చుందట. కొడుకు దవాఖానలో ఉన్నప్పుడు కోడలు దాన్ని మొక్కింది, ఆయన తన కాళ్ల మీద ఇంటికి వస్తే ఇస్తానని. వచ్చాడు. మొక్కు తీర్చే రోజు ఏదని అడిగాను.

"ఇయ్యాల్నే" అన్నారు.

ఇంటికి పోయేసరికి అత్త వాకిలి అలికి ముగ్గు వేస్తోంది. కొడుకు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడలు నన్ను చూసి పరుగెత్తుకొచ్చి డబ్బా మూత తీసింది. ఒక పిల్లను తీసి చెంపకు ఆనించుకుంది.

"సల్లగుంది మేడమ్" అంది.

"కరెంటు లేదు తల్లీ. వెచ్చగా ఉండాలె. లేకుంటె పొద్దుగూకేదాక గూడ కష్టమే."

ఆమె గుడిసె మూలకు చూసింది. అక్కడ గంప కింద ఎర్రకోడి ఈకలు ఉబ్బించుకుని, చాప పరిచినట్టు కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. దేవతకు పెట్టినదాన్ని నాకివ్వమని ఏ నోటితో అడగను? నా జీవితంలో నేనూ మొక్కులు మొక్కినదాన్నే.

ఆమే చెప్పింది. "మాట ఇచ్చిన మేడమ్. ఆయన కండ్లు తెరవనప్పుడు ఇచ్చిన మాట. ఎట్ల తప్పాలె?"

మంచం మీది నుంచి కొడుకు మెల్లగా అన్నాడు. "నా పాణానికే గద మొక్కింది. పాణం నిలవడ్డది. నిలవడ్డ పాణానికి తిండేడిది? నేనా, తాడు దిగకపోతి."

"నోర్ముయ్‌రా!" అంది అత్త. ముగ్గు గిన్నె కింద పెట్టి లేచింది. సన్నటి మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు. "మైసమ్మ తల్లి ఇంటది. నీ నోటికొచ్చినట్ల కాదు." తరువాత నా వైపు తిరిగింది. "నీ పిల్లలు మంచియే అమ్మా. గని మా మొక్కు కోడి మీద కన్నెయ్యకు."

"వెయ్యను అవ్వా" అన్నాను. నిజంగానే వెయ్యలేదు. కాంపౌండరన్న పొయ్యి దగ్గర డబ్బా పెట్టి, సీసాల్లో మళ్లీ వేడినీళ్లు నింపాడు.

మధ్యాహ్నం దాటాక అందరం మైసమ్మ రాయి దగ్గరికి పోయాం. ఆ రాయికి గుడి లేదు. సున్నం, కుంకుమ, చుట్టూ నాలుగు బండలు. గూడెంలో పెద్దాయన ఒకరు పూజ చేస్తాడు. కోడిని రాయి ముందు నిలబెట్టి, నెత్తి మీద పసుపునీళ్లు పోశాడు. పోస్తే కోడి ఒళ్లు దులుపుకోవాలి. దులుపుకుంటే తల్లి తీసుకున్నట్టు. అంతవరకూ కత్తి పట్టరు.

కోడి దులుపుకోలేదు. నిలబెట్టినచోటే చతికిలబడి, ఇంట్లో తన రాయి మీద పొదుగుకు కూర్చున్నట్టే కూర్చుంది. మళ్లీ పోశాడు. గొంతులో చిన్నగా గురగుర అంది గానీ కదల్లేదు. పొదుగు మీదున్న కోడి మత్తు అలాగే ఉంటుంది, నాకు తెలుసు. అయినా అక్కడ అది చెప్పే మాట కాదు. తెలిసినా నేనూ లోలోపల దండం పెట్టుకున్నాను. ఇంకో పక్క, పోస్తున్న ప్రతి చెంబుకూ దాని ఒంటి వేడి దిగిపోతోందని బాధ. కాంపౌండరన్న నా చెవిలో, "ఇగ అది దేవతకూ కాదు, మనకూ కాదు" అన్నాడు.

జనం గుసగుసలాడారు. పెద్దాయన చెంబు కింద పెట్టాడు.

"తీసుకుంటలేదు. ఎవలదో మనసు అడ్డమున్నది" అన్నాడు.

అత్త కోడలి వైపు తిరిగింది. "ఏం దాసినవే కడుపుల? చెప్పు. గీడ చెప్పకపోతె ఇంకేడ చెప్తవ్?"

కోడలు ఏడవలేదు. తల దించుకుని అంది. "పిల్లలు అరుస్తున్నయ్ అత్తా. నా మనసు ఆ డబ్బాల ఉన్నది. తప్పంటె తప్పే."

అత్త చాలాసేపు ఆ కోడిని చూసింది. తరువాత వంగి రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని కడుపు కింద చేయి పెట్టింది. పొదుగు కోడికి అక్కడ ఈకలు రాలి, తోలు వేడిగా ఉంటుంది.

"నిప్పు లెక్కున్నది" అంది. ఎవరితోనో కాదు, తనలో తానే. ఆమె కూడా నలుగురిని కని ఒక్కణ్ని దక్కించుకున్న తల్లి అని నాకు తరువాత తెలిసింది.

కోడితోనే రాయి ముందు నిలబడింది. దండం పెట్టడానికి చేతులు ఖాళీగా లేవు. తల వంచింది.

"తల్లీ, మొక్కింది ఈ పిల్ల. గని ఇయ్యాల్టి సంది మొక్కు ఆమెది కాదు, నాది. యాడాదికి నీ కోడిని నీకు నేను ఇస్త. అంతదాక ఏమన్న అడిగేదుంటె నన్నడుగు. నా కొడుకు తెరువు పోకు. ఈ పిల్ల తెరువు పోకు."

"ముసల్దానా, సోంచాయించి, ఎనకాముందు సూసుకునే అంటున్నవా?" అన్నాడు పెద్దాయన.

"అన్న. అయిపోయింది" అంది.

అందరం వెనక్కు తిరిగాం. ఆమె ముందు, కోడిని ఒడిలో పట్టుకుని. నేను పక్కన. గుడిసె గడప ముందుకు వచ్చామో లేదో, ఆ కోడి మెడ చాచి, రెక్కలు విప్పి, తల నుంచి తోక దాకా ఒళ్లంతా దులుపుకుంది. పసుపునీళ్లు అత్త మొహం మీద, నా చీర మీద పడ్డాయి.

అందరూ ఆగిపోయారు.

"ఇచ్చింది! ఒళ్లిచ్చింది!" అని వెనక ఎవరో అరిచారు. "గిప్పుడు తీసుకున్నది తల్లి! మల్ల తిప్పుండ్రి!"

పెద్దాయన అత్త మొహం వైపు చూశాడు. కోడలి మొహం పాలిపోయింది. అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా మాటకు ఒప్పుకున్నది. అంతే" అంది గట్టిగా. "ఇంట్లకు నడువుండ్రి. పిల్లలు సస్తయ్."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. కానీ నేను పక్కనే ఉన్నాను కనుక చూశాను. గడప దాటే ముందు ఆమె ఒక్కసారి వెనక్కు తిరిగి మైసమ్మ రాయి వైపు చూసింది.

లోపలికి పోయాక అత్త, నేను ఇద్దరం పనిలో పడ్డాం. కోడిని పాతచీరతో ఒత్తి ఒత్తి ఆరబెట్టాం. పొయ్యి దగ్గర కూర్చోబెడితే అది లేచి నిలబడింది. రెండడుగులు వేసి గింజలు ఏరుకుంది. కాంపౌండరన్న నిట్టూర్చాడు.

"అయిపాయె. తానమయింది, తిండయింది. ఇగ సంతకు పోదాం అంటది."

"నువ్వు జర ఊకో అన్నా" అన్నాను. అది లేవడం చూసి నాకూ ధైర్యం పోయింది. అయినా చిన్నప్పుడు మా అవ్వ నేర్పినట్టే చేశాను. మూలలో గుంత చేసి, పొయ్యిలోని వెచ్చటి బూడిద పోసి, పైన చీర పరిచి, దాని పాత రాయినే మధ్యలో పెట్టాను. కోడిని ఎత్తి ఆ రాయి మీద ఉంచి గంప మూశాం. గంప మీద గొంగడి కప్పి లోపల చీకటి చేశాం. ఇక చేసేదేమీ లేదు. డబ్బాలో పిల్లలు అరుస్తున్నాయి, కోడి వింటోంది. మేం కూడా విన్నాం.

చాలాసేపటికి గొంగడి కింద నుంచి అదే గురగుర వినిపించింది. అత్త నా వైపు చూసింది. నేను తల ఊపాను.

గంప కొంచెం ఎత్తి, అన్నిటికంటే హుషారుగా ఉన్న పిల్లను అరచేతిలో దాచి, వెనక వైపు నుంచి కోడి కడుపు కిందికి జరిపాను. ముందు నుంచి పెడితే పరాయిదని పొడుస్తుంది. కోడి మెడ తిప్పింది. నా చేతిని ఒక పోటు పొడిచింది. నేను తీయలేదు. రెండోసారి పొడవలేదు. కింద పిల్ల ఒకసారి కిచ్‌మంది, ఆగింది. అప్పుడు అత్త రాయిని మెల్లగా బయటికి లాగేసింది. ఆ చోటులోకి ఇంకో పిల్లను పెట్టాను. అప్పుడు కోడి గొంతు మారింది. గురగుర పోయి, మెత్తగా, లోపలికి పిలిచే పిలుపు వచ్చింది. ఆ పిలుపు ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోలేరు.

"పిలుస్తున్నది" అంది కోడలు. అప్పుడు ఏడ్చింది.

ఒక్కొక్కటే పెడుతూ పోయాం. కోడి తనంతట తానే రెక్కలు ఎత్తి చోటు చేసింది. డబ్బాలో ఒక్కో గొంతూ తగ్గి, చివరికి గుడిసె అంతా చడీచప్పుడు లేకుండా అయింది. పొద్దున్నుంచీ నేను భయపడిన మౌనమే అది, కానీ వేరు. చీకటి పడింది కనుక తిరిగి పోలేకపోయాం. అక్కడే ఉండిపోయాం.

తెల్లారి గంప తీస్తే రెండు పిల్లలు చనిపోయి ఉన్నాయి, డబ్బాలోనే నీరసించినవి. మిగతావన్నీ కోడి వెంట బయటికి వచ్చాయి. అది నేల గీకి పిలుస్తోంది, అవి పరుగెత్తుతున్నాయి. కాంపౌండరన్న కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూశానని ఆయనకు తెలియనివ్వలేదు.

పిల్లలు పెరిగాయి. ఆ కోడలి ఇంటి ముందు కోళ్ల గుంపు తయారైంది. డాక్టరు సారు వచ్చి చూసి, వచ్చే ఏడు గూడెం అంతటికీ ఇద్దామన్నారు. ఆఫీసులో నాకు శాలువా కప్పి ఫోటో తీశారు. దేవుడి దయ. కానీ ఆ ఫోటోలో ఉండవలసిన మనిషి నేను కాదు.

ఆ ఏడాదంతా నేను చుక్కలు వేయడానికి పోయినప్పుడల్లా ఆ గూడెం అవ్వ, కోడలి అత్త, నన్ను పక్కకు పిలిచి అడిగేది. "అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఆ దులుపుడు నా మాటకా, కోడికా?"

"నాకు తెల్వదు అవ్వా" అనేదాన్ని.

ఒకసారి కాంపౌండరన్న, "తడిసిన కోడి ఎండగానే దులుపుకుంటది, దాంట్ల ఏముందవ్వా?" అనబోతే కళ్లతో ఆపాను. ఆయన చెప్పేది తప్పని కాదు. ఆమె మోస్తున్నదాన్ని ఆ మాట దించదు.

కొడుక్కు చిన్న జ్వరం వస్తే ఆమె అన్నం మానేసి రాయి దగ్గర కూర్చునేది. కోడలు కడుపుతో ఉండి కాలు జారితే, పడింది కోడలు గానీ ఒణికింది అత్త. రాత్రిళ్లు సరిగా నిద్రపోయేది కాదట. ఒకరోజు కోడలు నా ముందే అంది, "అత్తా, మొక్కుల సగం నాకియ్యి. ఇద్దరం మోస్తం."

"మొక్కేమన్న జొన్నరొట్టెనా, తుంచి ఇయ్యనీకి? పో, కోళ్లకు నూకలెయ్యి" అని కసిరింది.

ఏడాది తిరిగింది. ఆ పిల్లల్లో పెరిగిన పుంజును, మందలో అన్నిటికంటే బలమైనదాన్ని, అవ్వే ఎంచింది. నేను సెలవు పెట్టి పోయాను. పెద్దాయన చెంబు వంచాడో లేదో, నీళ్లు పూర్తిగా పడకముందే పుంజు ఒళ్లు దులుపుకుని అందరినీ తడిపింది. జనం పకపకా నవ్వారు. "దీనికి మస్తు తొందరున్నది!" అన్నారు. అవ్వ నవ్వలేదు. రాయికి తల ఆనించి లేచింది. ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నట్టే నిద్రపోయింది. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో అంత సందడిలో. కోడలు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, నోటి మీద వేలు పెట్టి అందరినీ ఊరుకోబెట్టింది. కోళ్లను కూడా అవతలికి తోలింది. పొద్దు వాలేదాకా ఆమెను ఎవరూ లేపలేదు.

నేను రిటైరై గట్టుకు వచ్చేశాక, ఆ అవ్వ పోయిందని కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నాకు ఇప్పుడు దూరాలు తిరిగే ఓపిక లేదు, పోలేకపోయాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు నాన్నతో, మా అవ్వతో పాటు ఆమెనూ తలుచుకుంటాను.

ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలూ, మీకూ ఏదో ఒక రోజు పని బాగా జరుగుతుంది, మెచ్చుకుంటారు. ఆ బరువు మీకు తెలియకుండా ఇంకెవరో మోసి ఉంటారు. ఆ గూడెంలో ఈరోజు ఇంటింటా కోళ్లున్నాయి. ఇతరుల మొక్కును తన నెత్తిన వేసుకుని, ఏడాది పాటు ఒక్కతే భయపడిన ఆ అత్తను మీరు చూడలేదు, పేరు నేను చెప్పలేదు. అయినా ఆమెను ఒకసారి తలుచుకోండి.